ఎనిమిదో మొద్దు

మూడు గంటల ఆటకి ఇంకా పన్నెండు నిమిషాలు ఉన్నాయనగా ఇన్‌స్పెక్టర్ శ్రీనివాసరావు కేసు మూసేశాడు.

మూసేయడమంటే ఫైలు కట్టి సీలు వేయడం కాదు. సర్కస్ యజమాని ప్రత్యేకంగా వేయించిన ముందు వరస కుర్చీలో కాళ్లు చాపుకుని, చేతిలోని గోలీ సోడా ఒక్క గుక్కలో తాగేసి, "వాడు దుబాయ్ పోయేడయ్యా పాపారావూ. నువ్వింక అమలాపురం పోయి హాయిగా పడుకో" అన్నాడు.

"ఎవరు చూశారండి పోతుండగా?" అన్నాను.

"పోయేవాడు బాజాలు పెట్టించుకుని పోతాడేటి? ఈ ఏడు కోనసీమలో నా దగ్గరికి వచ్చిన మిస్సింగ్ కేసులు పదకొండు. పదిమంది గల్ఫ్‌లో తేలేరు. పదకొండోవాడు అత్తారింట్లో దొరికేడు. వీడు మూడు నెలలుగా నిద్రలో కూడా గల్ఫ్ గల్ఫ్ అని కలవరిస్తున్నాడంట. మనిషి లేడు, పెట్టె లేదు. కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

ఆయనా నేనూ ఒకే ఏడు ఖాకీ తొడిగాం. తొమ్మిదేళ్లకి నేను విప్పేసి, అమలాపురంలో ఒక సైకిల్ షాపు మేడమీద ప్రైవేట్ డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నాను. ఆయన ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. అప్పట్నుంచీ నన్ను చూస్తే ఆయనకి నవ్వు, ఆయన్ని చూస్తే నాకు ఒళ్లుమంట.

కనబడకుండా పోయిన మనిషి పేరు యాకోబు. రాజోలు వాడు, ఇరవై ఎనిమిదేళ్లు, ఈ విజయదుర్గా సర్కస్‌లో జనరేటర్ ఆపరేటర్. నాలుగు నెలల క్రితం ఇదే సర్కస్‌లో తీగ మీద నడిచే సువర్ణని పెళ్లి చేసుకున్నాడు. మంగళవారం మధ్యాహ్నం సర్కస్ లారీలు కొత్తపేట వచ్చి, ఊరి చివర రోడ్డు మీద ఆగాయి. కాలువ అవతల, దాళ్వా పంట వెయ్యకుండా వదిలేసిన చేలో డేరా వేశారు. ఆ రాత్రి తొమ్మిదింటికి యాకోబు అందరితోపాటు అన్నం తిన్నాడు. బుధవారం పొద్దున్న ఆరింటికి మనిషీ లేడు, పెట్టే లేదు. శనివారం వాళ్లమ్మ ఏడుస్తూ నా మెట్లెక్కింది. ఇవాళ ఆదివారం. పదిహేను రోజులుంటామన్న సర్కస్ ఐదు రోజులకే మకాం ఎత్తేస్తోంది. ఇదే ఆఖరి ఆట. సాయంత్రం ఆరింటికి లారీలు బరంపురం కదులుతాయి, వాటితో సువర్ణ కూడా.

అంటే నా చేతిలో ఉన్నది మూడు గంటలు.

"ఆ రేకు పెట్టె నాలుగడుగుల పొడుగు" అన్నాను. "బట్టలూ, జనరేటర్ పనిముట్లూ అన్నీ అందులోనే. ఒక్కడే నెత్తిన పెట్టుకుని పోయేది కాదు."

"పనిముట్లు తీసి కుప్ప పోసి పోయేడుగా. నువ్వు చూళ్లేదా? బరువు తగ్గించుకున్నాడు."

చూశాను. స్పానర్లు, సుత్తులు, రాగి తీగ చుట్టలు, అన్నీ జనరేటర్ పక్కన నేలమీద కుప్పగా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడిన యజమాని మాణిక్యాలరావు గొంతు సవరించుకున్నాడు. అరవై ఏళ్ల మనిషి. ఒకప్పుడు తీగ మీద నడిచినవాడే. ఒళ్లు ఇంకా గట్టిగా ఉంది, మాట మాత్రం మెత్తన.

"తల్లీ తండ్రీ లేని పిల్లండి సువర్ణ. నాలుగేళ్లప్పుడు నా చేతికొచ్చింది. ఇరవై ఏళ్లబట్టి ఆ పిల్ల నడిచే తీగకి ముడి ఈ చేతులు తప్ప ఇంకెవరూ వెయ్యలేదండి. అలాంటి పిల్లని నాలుగు నెలలకే వదిలేసి పోయినవాణ్ని ఏమనాలండి?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ ఇద్దరు ఆడపిల్లలున్నారు. మనసు కరిగింది. డిటెక్టివ్‌కి మనసు కరగకూడదని నాకు అప్పటికి పదిసార్లు అనుభవమైంది, పదకొండోసారి కూడా బుద్ధి రాలేదు.

"పదిహేను రోజులన్నారు, ఐదు రోజులకే ఎత్తేస్తున్నారేమండి?" అని మాత్రం అడిగాను.

"శుక్రవారం వాన చూసేరు కదండీ. నేల నానిపోయింది. ఈ ఒండ్రు మట్టిలో డేరా నిలబడదండి."

అది నిజమే. నా చెప్పులకే ఇంకా మట్టి అంటుకుంటోంది.

మూడింటికి బ్యాండు మొదలైంది. నేను వెనక తెర తీసుకుని లోపలికి వెళ్లాను. జరీ లంగా కట్టుకుని, ముఖానికి రంగు వేసుకుని సువర్ణ ఒక స్టూలు మీద కూర్చుని అరికాళ్లకి ముగ్గుపిండి రాసుకుంటోంది. రెండు అరికాళ్ల మీదా నిలువునా ఎర్రగా కోసుకుపోయిన గీతలు. ఆ పిండి ఆ గీతల్లో పడితే ఎంత మండుతుందో నాకు తెలుసు. ఆమె మాత్రం పెదవి కదపలేదు.

"తీగ మీద చెప్పుల్లేకుండా నడుస్తావా అమ్మా?"

"నాలుగు రోజులబట్టేనండి. నా జోడు ఆయన పెట్టెలో ఉండిపోయిందండి" అంది. "మెత్తని తోలు జోడండి. వెండి రంగు వేసుంటాది. అడుగు అరిగిపోతే మంగళవారం సాయంత్రం బజారుకి పట్టుకెళ్లి కుట్టించుకొచ్చేరు. అన్నాల దగ్గర చూపించేరు కూడానండి. కుక్కలు లాక్కుపోతాయి, పెట్టెలో పెడతాను, పొద్దున్న ఇస్తానన్నారు."

"పొద్దున్నకి ఆయన లేడు."

"ఆయ్." పిండి రాసుకోవడం ఆపింది. "దుబాయ్‌లో ఆడోళ్ల జోడుతో పనేటండి ఆయనకి?"

ఇన్‌స్పెక్టర్ ఈ ప్రశ్న అడగలేదు. నేనూ అడగలేదు. అడగవలసిన ప్రశ్న ఆమె అడిగింది.

"గల్ఫ్ వెళ్తాననడం నిజమేనా?"

"నిజమేనండి. దాపరికం ఏమీ లేదు. ఈ మకాం అయ్యేక నేను రాజోల్లో అత్తగారి దగ్గర ఉండిపోవాలి, ఆయన బొంబాయి మీదుగా గల్ఫ్ వెళ్లాలి అనుకున్నాం. ఆ మాట పెదనాన్నగారితో మంగళవారం రాత్రి తనే చెప్తానన్నారు. చెప్పేరో లేదో తెలీదండి." మాణిక్యాలరావుని ఆమె పెదనాన్నగారంటుంది. "నా సంచీ అప్పుడే లారీ ఎక్కించేసేరండి. కట్టుకునే చీర కూడా అందులోనే ఉంది. ఈ జరీ లంగాతో రోడ్డెక్కి ఎక్కడికి పోతానండి?"

"నువ్వేం చేద్దామనుకుంటున్నావు?"

"ఆయన నన్ను వదిలేసి పోయేరని తేలితే లారీ ఎక్కేస్తాను. నాకింకెవరున్నారు? పోలేదని తేలితే నన్ను నరికినా ఎక్కను. ఏదీ తేలకపోతే ఎక్కించేస్తారండి." తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. "ఆరింటిలోపు ఏదో ఒకటి చెప్పండి. చెడ్డదైనా సరే."

లేవబోతూ ఇంకో మాట అంది. "ఈ ఊళ్లో దిగినకాణ్నించి తీగ కూడా నా మాట వినట్లేదండి. రోజూ కుంగిపోతోంది. పెదనాన్నగారు పొద్దున్నే బిగిస్తున్నారు, సాయంత్రానికి మళ్లీ జారిపోతోంది."

ఆ మాట నేను నోటుబుక్కులో రాసుకున్నాను. రాసుకోవడం వేరు, అర్థం చేసుకోవడం వేరు.

మూడూ ఇరవైకి వంటశాల దగ్గరికి వచ్చాను. డేరా వెనక, పంట కాలువ గట్టున నాలుగు రాళ్ల పొయ్యిలు. కాలువ దాటి రోడ్డెక్కడానికి ఒకే ఒక్క చెక్క పలక, అది పొయ్యిల పక్కనే. వంటామె సత్యనారాయణమ్మ ఒక కొబ్బరి మొద్దు మీద కూర్చుని గిన్నెలు తోముతోంది.

"బుధవారం పొద్దున్న ఎన్నింటికి లేచేరండి?"

"రోజూ నాలుగింటికే లేస్తాను. మంగళవారం రాత్రయితే ఒళ్లు నొప్పులతో పడుకోనే లేదు బాబూ. ఇదిగో ఈ పలక పక్కనే చాప వేసుకు దొర్లేను."

"యాకోబు ఈ పలక దాటేడా?"

"దాటితే నామీంచే దాటాలి. పెట్టె కాదు కదా, అగ్గిపెట్టె కూడా దాటలేదు. ఇదే మాట ఇన్‌స్పెక్టర్‌గారికి చెప్పబోతే, ముసల్దానివి, నిద్రపోయుంటావులే అన్నారు."

"ఇంకో దారి లేదా?"

"మిగతా మూడు పక్కలా కూడా కాలువేనండి. మంగళవారం రాత్రి గట్టు మట్టంగా పారుతోంది. పెట్టెతో ఈదుతాడేటండి?"

మనిషి బయటికి పోలేదు. లోపల లేడు. ఆ రాత్రి ఈ చేను చుట్టూ నీళ్లు, మధ్యలో డేరా, ఈ రెండింటికీ మధ్య ఎక్కడో నాలుగడుగుల పెట్టె ఉంది.

సత్యనారాయణమ్మ మొద్దు మీద అటూ ఇటూ కదిలి విసుక్కుంది. "దిక్కుమాలిన మొద్దు. మధ్యలో ఈ గాడి ఒకటి, కూర్చుంటే గుచ్చుకుంటోంది."

వంగి చూశాను. మొద్దు నడుం చుట్టూ రెండు వేళ్ల లోతున కత్తితో చెక్కిన గాడి. చెక్కిన చోట చెక్క ఇంకా తెల్లగానే ఉంది. గాడిలో తాడు ఒరుసుకున్న గుర్తు, దానికి అంటుకున్న జనపనార పోగులు.

"ఇదెక్కడిదండి?"

"కాలువలో దొరికింది. బుధవారంనాడు కాలువలు కట్టేసేరు కదా బాబూ. తెల్లారేక నీళ్లు తీసేసరికి బురదలో పడుంది. కూర్చోడానికి బాగుంటాదని నలుగురి చేత లాగించేను."

కోనసీమలో ఏ ఏడు ఏ రోజున కాలువలు కట్టేస్తారో పాలు తాగే పిల్లల్ని అడిగినా చెప్తారు. వేసవిలో మరమ్మతులకి లాకుల తలుపులు దించేస్తారు, తెల్లారేసరికి కాలువ అడుగు కనబడుతుంది. ఆ సంగతి తెలియని వాడెవడో మంగళవారం రాత్రి నిండుగా పారే కాలువని చూసి, ఇందులోకి దొర్లిస్తే మొద్దు ఏ సముద్రానికో పోతుందనుకున్నాడు. వాడు ఈ సీమ వాడు కాదు, సర్కస్‌తో వచ్చినవాడు.

డేరా మేస్త్రీ గంగయ్య తాళ్లు చూసుకుంటూ అటే వస్తున్నాడు. నల్లగా, చువ్వలా ఉంటాడు. ఆపాను.

"ఈ తాళ్లు దేనికి కట్టేరు గంగయ్యా?"

"మొద్దులకండి. ఈ మెత్తని నేలలో ఇనప మేకు ఆగదండి. అందుకని గొయ్యి తీసి, కొబ్బరి మొద్దుకి నడుం దగ్గర గాడి పెట్టి, తాడు కట్టి అడ్డంగా పూడ్చేస్తాం. ఇంక భూమే పట్టుకుంటాది."

"ఎంత లోతు?"

"మూడున్నర అడుగులండి. ఇంకో జానెడు తవ్వితే నీళ్లూరిపోతాయి."

"ఎన్ని గోతులు?"

"ఎనిమిదండి. డేరాకి ఏడు, సువర్ణమ్మ తీగకి ఒకటి. తీగ వెనక కొసకి తాడు కట్టి, డేరా గుడ్డలోంచి బయటికి తీసి మొద్దుకి కడతారండి."

"ఎన్ని మొద్దులు తెచ్చేరు?"

"ఎనిమిదేనండి. ఈ చేను ఆసామి అమ్మిరాజుగారి తోటలోవి. మంగళవారం పొద్దుగూకేలోపు అన్నీ గోతుల్లో పడిపోయేయండి."

"వెళ్లేటప్పుడు తవ్వి తీస్తారా?"

"ఎవరు తవ్వుతారండి? తాడు నేలమట్టాన కోసేసి పోతాం. మొద్దు భూమికే వదిలేస్తాం. నాగలి అంత లోతు దిగదు కదండీ."

"ఎనిమిది మొద్దులూ గోతుల్లో ఉంటే, ఆవిడ కూర్చున్నది తొమ్మిదోదా?"

గంగయ్య తల తిప్పి చూశాడు. గాడి చూశాడు. మనిషి ముఖంలో రక్తం దిగిపోవడమంటే ఏమిటో నేను అప్పుడు చూశాను. "నాకు పనుందండి" అని గొణిగి, డేరా చాటుకి గబగబా వెళ్లిపోయాడు.

నేను ఎనిమిది తాళ్లనీ చుట్టి వచ్చాను. ఏడు తాళ్లు వీణ తీగల్లా బిగిసి ఉన్నాయి. ఏడు గోతుల మీదా మట్టి గట్టిగా, మట్టంగా ఉంది. ఎనిమిదోది డేరా వెనక, వంటశాలకి అవతలి మూల. అక్కడ మట్టి బెత్తెడు కుంగిపోయి పళ్లెంలా ఉంది. కుంగినచోట శుక్రవారం నాటి వాననీరు ఇంకి పగుళ్లు. తాడు వేలితో నొక్కితే వంగింది.

మూడున్నర అడుగుల గోతిలో మొద్దూ పెట్టె రెండూ పట్టవు. ఇంకా తవ్వితే నీళ్లు. అందుకే మొద్దు తీసేశారు. పనిముట్లు తీసేసింది బరువు తగ్గడానికి కాదు, శవానికి చోటు కోసం. తాడు పెట్టెకి కట్టి మట్టి కప్పేశారు. డేరా ఉన్నన్నాళ్లూ ఆ గొయ్యి ఎవరూ ముట్టరు. డేరా దించాక ఎవరికీ అక్కర్లేదు. ఇంత తెలివిగా ఆలోచించగలవాడు, తాళ్లూ గోతులూ తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడనుకున్నాను. వాడి ముఖంలో రక్తం దిగిపోవడం కూడా చూసి వచ్చానాయె.

అక్కడే నేను తప్పు చేశాను. ఆ తప్పు ఇప్పటికీ నా గొంతులో ముల్లులా ఉంది.

మూడూ యాభై ఐదుకి ముందు వరసకి వెళ్లాను. కుక్కలు సైకిల్ తొక్కుతున్నాయి, జనం నవ్వుతున్నారు. ఇన్‌స్పెక్టర్ ఒక పక్క, మాణిక్యాలరావు ఒక పక్క. బ్యాండు హోరులో గొంతు పెంచి అంతా చెప్పాను. గాడి, కాలువ, ఎనిమిదో గొయ్యి, గంగయ్య.

శ్రీనివాసరావు వేరుసెనగ పొట్టు దులుపుకున్నాడు. "వంటామె కూర్చున్న దుంగ చూసి హత్య కనిపెట్టేవు. ఆవిడ పొయ్యిలో కట్టె చూస్తే ఏం కనిపెట్టేవాడివో."

"ఆట ఆపించండి. గొయ్యి తవ్వించాలి."

"లోపల నాలుగొందలమంది ఉన్నారు. తాడు తీస్తే ఏమవుద్దో తెలుసా నీకు?"

"అందుకే ముందు జనాన్ని పంపించెయ్యమంటున్నాను."

"నీ దుంగ కోసం ఆట ఆపి, తీరా గోతిలో ఇంకో దుంగ దొరికితే? నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ఆరింటికి ఎలాగూ డేరా దించుతారు. అప్పుడు తవ్వించు, పార నేనే పట్టుకుంటాను."

"అప్పటిదాకా గంగయ్య ఉంటాడా?"

"నువ్వు ఖాకీ విప్పేసి ఎన్నాళ్లయిందయ్యా? ఎవడు ఉండాలో ఎవడు పోవాలో చెప్పడం నా పని."

మాణిక్యాలరావు లేచి నిలబడ్డాడు. "పాపారావుగారు చెప్పింది నిజమే అయితే, నా డేరా కింద అంత పాపం పెట్టుకుని నాకు మాత్రం నిద్ర పడుతుందాండి? తప్పకుండా తవ్వించండి. గంగయ్య ఎక్కడికీ పోకుండా నేను చూసుకుంటాను" అన్నాడు. ఆ వినయానికి నాకు ఇన్‌స్పెక్టర్ మీద కోపం ఇంకా పెరిగింది. మరో పది నిమిషాలు ఆయనతో పోట్లాడాను. యజమాని లేచి ఎటు వెళ్లాడో చూడలేదు.

నాలుగూ పదికి బ్యాండు దరువు మారింది. జనం ఒక్కసారి సద్దుమణిగారు. పైన, మూడు నిలువుల ఎత్తున, సువర్ణ పలక మీద నుంచి తీగ మీదకి కాలు పెట్టింది. తీగ కుంగింది. పక్కవాళ్లకి తెలియనంత కొద్దిగా కుంగింది, నాకు తెలిసింది. ఆ తీగ రెండో కొస దేనికి కట్టి ఉందో నాకు అప్పుడు ఒళ్లంతా తెలిసింది.

పరుగెత్తాను.

ఎనిమిదో గోతి దగ్గర ఎవరూ లేరు. కూలీలందరూ రోడ్డు పక్క లారీల దగ్గర ఉన్నారు. సత్యనారాయణమ్మ కూడా గిన్నెలు పట్టుకుని అటే వెళ్లింది. లోపల సువర్ణ ఒక్కో అడుగు వేస్తుంటే తాడు ఒక్కోసారి ఊపిరి పీల్చినట్టు బిగిసి వదులవుతోంది. నేను చూస్తుండగానే కుంగిన మట్టి నడిమికి చీలింది. తాడు జానెడు పైకి వచ్చింది.

రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలాను. అరచేతులు కాలిపోయాయి. నా బరువు చాలదని ఆ క్షణమే అర్థమైంది. మడమలు మట్టిలో జారుతున్నాయి. నా వెనక నుంచి ఇంకో రెండు చేతులు వచ్చి తాడుని పట్టుకున్నాయి.

"వదలకండి. ఒకేసారి లాగకండి కూడా, తీగ అదురుద్ది" అన్నాడు గంగయ్య. "మెల్లిగా పట్టి ఉంచండంతే."

అరవడానికి లేదు. అరిస్తే జనరేటర్ హోరులో ఎవరికీ వినబడదు, వినబడితే తీగ మీద ఉన్న మనిషి ఉలిక్కిపడుతుంది. వదలడానికి లేదు. ఎవడినైతే పట్టుకుందామని వచ్చానో వాడి గుండె నా వీపుకి తగిలి కొట్టుకుంటోంది.

"ఎంతసేపు?" అన్నాను.

"ఈ దరువు అయ్యేక వెనక్కి నడక ఉంటాదండి. ఇంకో ఐదు నిమిషాలు."

"నువ్వెందుకు చంపేవు గంగయ్యా వాణ్ని?"

"నేనా?" అన్నాడు. "ఆ మొద్దు మీద గాడి చూసేక నాకు తెలిసిందండి, అది నేను చెక్కిందేనని. అయ్యగార్ని అడుగుదామని పోయి, భయమేసి లారీ చాటున కూర్చుండిపోయేను."

"ఈ గోతిలో మొద్దు పూడ్చింది నువ్వు కాదా?"

"గాడి పెట్టడం వరకే నా పనండి. తీగ మొద్దు నన్ను ముట్టుకోనివ్వరు. పూడ్చడం, ముడెయ్యడం, బిగించడం, ఇరవై ఏళ్లబట్టీ అన్నీ అయ్యగారే."

ఈ చేతులు తప్ప ఇంకెవరూ వెయ్యలేదండి. రెండూ నలభై ఎనిమిదికి మాణిక్యాలరావు అన్న ఆ మాట నా చెవులతో నేనే విన్నాను. విని, మనసు కరిగించుకున్నాను.

మట్టి ఇంకొంచెం విచ్చుకుంది. తుప్పు రంగు రేకు అంచు పైకి లేచింది. తాడు కోతకి పెట్టె మూత నడిమికి వంగిపోయి ఉంది. వాసన వచ్చింది. వంగిన మూత సందులోంచి వెండి రంగు తోలు ముక్క ఒకటి బయటికి జారి మట్టిలో పడింది. చిన్న జోడు. అడుగున కొత్తగా వేసిన నల్లదారం కుట్లు.

గంగయ్య ఏడుస్తున్నాడు. తాడు మాత్రం వదల్లేదు.

"అలాగే పట్టుకోండి పాపారావుగారూ. అమ్మాయి తీగ మీద ఉంది."

మాణిక్యాలరావు డేరా మూల తిరిగి వచ్చి మూడడుగుల దూరంలో నిలబడ్డాడు. చేతిలో తాళ్లు కోసే గొడ్డలి. మాట ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"తీసుకుపోతానన్నాడండి" అన్నాడు, నేను అడక్కుండానే. "మంగళవారం రాత్రి నా కాళ్లకి దండం పెట్టి మరీ చెప్పేడు. ఆ పిల్లకి నేల మీద నడవడం రాదండి. డేరాలో పెరిగింది. డేరాలోనే ఉండాలి."

"ఆమె తీగని శవానికి కట్టారు మీరు."

"భూమి పట్టుకుంటాదనుకున్నాను." మొదటిసారి ఆయన చూపు పెట్టె మీదకి వెళ్లింది. "వాన పడుద్దని ఎవరికి తెలుసండి? నాలుగు రోజులబట్టి నాకు కంటిమీద కునుకు లేదు."

"ఇన్‌స్పెక్టర్‌కి అంతా చెప్పి వచ్చాను."

"ఆయ్. విన్నానండి. గంగయ్యే చేశాడని చెప్పేరు." గొడ్డలి కుడిచేతిలోకి మార్చుకున్నాడు. "గంగయ్య మిమ్మల్ని నరికేడు. అడ్డం వచ్చి నేను గంగయ్యని నరికేను. మీరు చెప్పిన మాటే కదా, ఆయన నమ్ముతారు."

నేనే కట్టిన ఉచ్చు అది. ముడి కూడా నేనే వేసి వచ్చాను.

ఆయన ముందుకి రాలేదు. డేరా గుడ్డ వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. ఎందుకో అర్థమైంది. ఆమె తీగ మీద ఉన్నంతసేపూ మా చేతులు ఆయనకి కావాలి. ఆమె దిగిన క్షణం అక్కర్లేదు. అప్పటిదాకా ఆ పిల్ల తొందరగా దిగిపోతే బాగుండునని ప్రతి దేవుడికీ మొక్కుతున్న నేను, ఇప్పుడు ఇంకొంచెంసేపు నడవమ్మా అని మొక్కుకున్నాను. అలా మొక్కుకున్నందుకు నాకు సిగ్గేసింది. ఇద్దరు ఆడపిల్లల తండ్రిని నేను.

దరువు ఆగింది. చేతుల్లో తాడు ఒక్కసారి తేలికైపోయింది.

లోపల చప్పట్లు మొదలయ్యాయి.

మాణిక్యాలరావు కళ్లు మూసుకుని ఒక నిట్టూర్పు విడిచాడు, కూతురు క్షేమంగా ఇల్లు చేరిన తండ్రిలాగే. తర్వాత గొడ్డలి పైకెత్తాడు. నా వేళ్లు తాడుకి బిగుసుకుపోయి విప్పుకోవడం లేదు.

"పెదనాన్నగారూ, తీగ మళ్లీ జారిపోయిందండి."

వెనక గుడ్డ తొలగించుకుని సువర్ణ బయటికి వచ్చింది. ఆట అయ్యాక ముందుకెళ్లి జనానికి దండం పెట్టడం ఆనవాయితీ. ఈరోజు పెట్టలేదు. తాడు సంగతి అడగడానికి నిచ్చెన దిగి తిన్నగా ఇటే వచ్చింది. అరికాళ్లకి ముగ్గుపిండి, పిండిలో నెత్తురు.

ఆమె గొడ్డలి చూడలేదు. మమ్మల్ని చూడలేదు. మట్టిలో పడున్న జోడు చూసింది. వంగి తీసింది. నల్లదారం కుట్ల మీద బొటనవేలితో ఒకసారి రాసి చూసింది. పెట్టె మూత సందులోకి చూసింది.

మాణిక్యాలరావు గొడ్డలి గాలిలోనే ఉంది. ఆయన ముఖం ఆమె వైపు తిరిగింది. ఆ చెయ్యి ఎటు దిగుతుందో ఆయనకే తెలియనట్టుంది.

సువర్ణ ఆ జోడు గుండెకి అదుముకుని నా వైపు తిరిగింది.

"ఆయన పోలేదండి" అంది. "నేను లారీ ఎక్కను."

లోపల జనం ఆమె కోసం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.